గవర్నర్ మాట చెల్లడం లేదా? సర్వేలు పక్కనపెట్టి ముందు సభలో తలలు లెక్కపెట్టండి

అమెరికాలో ఏ రాష్ట్ర గవర్నర్ తడబడినా అందరూ ముందు చూసేది ప్రజాదరణ సర్వే. అంకె పడిపోతే పని అయిపోయిందంటారు, పెరిగితే తిరుగులేదంటారు. రెండూ తొందరపాటే. కెంటకీలో డెమోక్రాట్ అయిన ఆండీ బెషీర్ 2023 నవంబరులో రెండోసారి గెలిచారు. అదే ఏడాది ఆయన వీటోలను (సభ పాస్ చేసిన బిల్లును గవర్నర్ తిరస్కరించడమే వీటో) రిపబ్లికన్ల సభ వరసబెట్టి కొట్టేసింది. జనంలో పేరు వేరు, సభలో పరపతి వేరు. గవర్నర్ కోలుకుంటారా లేదా అన్నది ఎక్కువగా రెండోదాన్ని బట్టే తేలుతుంది.

అందుకే ఏ లక్షణం కనిపించినా ముందు మూడు అంకెలు రాసుకోండి. వీటోను తోసిపుచ్చడానికి ఆ రాష్ట్రంలో ఎన్ని ఓట్లు కావాలి? ఒక్కో సభలో గవర్నర్ పక్షాన ఎందరున్నారు? పదవీకాలం ఇంకా ఎన్ని నెలలుంది? ఐదు నిమిషాల పని. ఇది చేయకుండానే పేజీలకు పేజీలు విశ్లేషణలు రాస్తున్నారు.

లక్షణం: సభ కదులుతోంది, జనం మాత్రం కోపంగా ఉన్నారు

కారణం చాలాసార్లు పేరుపెట్టి చెప్పగలిగే ఒకటో రెండో నిర్ణయాలు. ఆర్కన్సాలో బిల్ క్లింటన్ 1980లో ఓడిపోవడానికి ఒక ముఖ్య కారణం వాహనాల లైసెన్సు రుసుము పెంచడం. 1982లో టీవీ ప్రకటనలో కనిపించి తప్పు ఒప్పుకున్నారు, ఆ ఏడాదే మళ్లీ గెలిచారు. ఏది తప్పో స్పష్టంగా చెప్పి, ఒక్కసారే క్షమాపణ అడగాలి. “ఎవరైనా నొచ్చుకుని ఉంటే” అని మొదలుపెట్టే మాటలు మంట పెంచుతాయే తప్ప ఆర్పవు.

లక్షణం: సభ కదలదు, “జనం దగ్గరకే వెళ్లి తేల్చుకుందాం” అనిపిస్తోంది

ఇది తప్పు మందు. కాలిఫోర్నియాలో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ 2005 నవంబరులో ప్రత్యేక ఎన్నిక పెట్టించి నాలుగు ప్రతిపాదనలు జనం ముందుంచారు. నాలుగూ ఓడిపోయాయి. ఆ తర్వాత చేసిందే చూసి నేర్చుకోవాల్సింది. తాను గద్దె దించిన ముందటి గవర్నర్ గ్రే డేవిస్ దగ్గర పనిచేసిన డెమోక్రాట్ సూసన్ కెన్నెడీని తన కార్యాలయ అధిపతిగా తెచ్చుకున్నారు. ఆమెకు సభలో ఎవరి తలుపు తట్టాలో తెలుసు. 2006లో సభతో కలిసి కనీస వేతనం పెంచారు, వాతావరణ చట్టం తెచ్చారు. రోడ్లు, బడులు, ఇళ్లు, వరద కట్టల కోసం సుమారు 3,700 కోట్ల డాలర్ల బాండ్లకు సభతోనే ఒప్పందం కుదుర్చుకున్నారు. ఆ నవంబరులో బాండ్లూ గెలిచాయి, ఆయనా గెలిచారు.

లక్షణం: కాగితం మీద లెక్క సరిపోయింది, అయినా వీటో నిలవడం లేదు

అందరినీ ముంచేది ఇదే. పార్టీ బలాలు చూసి “మనకు సరిపడా ఉన్నారు” అనుకుని ఫైలు మూసేస్తారు. చూడాల్సినవి ఇంకా రెండున్నాయి.

మొదటిది హాజరు. తోసిపుచ్చే నిష్పత్తిని సభ మొత్తం మీద లెక్కిస్తారా, ఆ రోజు హాజరై ఓటేసినవాళ్ల మీదా? రాష్ట్ర రాజ్యాంగంలో ఈ ఒక్క వాక్యం చదవాల్సిందే. ఉత్తర కరోలినాలో హాజరైనవాళ్లలో ఐదింట మూడొంతులు చాలు. 2019లో అక్కడి దిగువ సభలో 120 మందికి గాను రిపబ్లికన్లు 65, డెమోక్రాట్లు 55. అందరూ వస్తే 72 కావాలి కాబట్టి గవర్నర్ రాయ్ కూపర్ బడ్జెట్ వీటో భద్రం అనిపిస్తుంది. సెప్టెంబరు 11 ఉదయం డెమోక్రాట్లలో చాలామంది సభలో లేరు. ఓటింగు పెట్టేశారు: 55కు 9. ఓటేసింది 64 మందే కాబట్టి 39 ఓట్లు చాలు. వీటో అక్కడ కూలింది. సెనేట్‌లో రిపబ్లికన్లు 29, అందరూ హాజరైతే కావాల్సింది 30. ఆ ఒక్క ఓటూ దొరక్క బడ్జెట్ అక్కడే ఆగిపోయింది.

కాన్సస్‌లో లెక్క సభ మొత్తం మీద, కాబట్టి గైర్హాజరు గవర్నర్‌కు చేటు కాదు. అక్కడ దెబ్బ ఇంకోవైపు నుంచి తగిలింది, అదే చూడాల్సిన రెండోది: సొంతవాళ్ల మనసు. 2017 జూన్‌లో గవర్నర్ శామ్ బ్రౌన్‌బ్యాక్ పన్ను కోతలను ఎత్తేసే బిల్లుపై ఆయన వీటోను తోసిపుచ్చడానికి సెనేట్‌లో సరిగ్గా 27 కావాలి, సరిగ్గా 27 పడ్డాయి. రెండు సభల్లోనూ మెజారిటీ ఆయన పార్టీదే. న్యూయార్క్‌లో క్యాథీ హోకుల్ ప్రధాన న్యాయమూర్తిగా ప్రతిపాదించిన పేరును 2023 ఫిబ్రవరిలో సెనేట్ 39-20తో తిరస్కరించింది. అక్కడా మెజారిటీ సొంత పార్టీదే.

సరిచేసే పద్ధతి: పార్టీ బలం మీద లెక్క వేయకండి, బిల్లు బిల్లుకూ పేర్ల జాబితా రాయండి. ఖాయంగా నిలబడేవాళ్లు, ఊగేవాళ్లు, ఆ వారం సభకు రానివాళ్లు అని మూడు వరసలు. ఊగేవాళ్లకు వీటో సంతకానికి ముందే గవర్నరే స్వయంగా ఫోన్ చేయాలి. సంతకమయ్యాక చేస్తే అది బతిమాలడమే అవుతుంది. కావాల్సినదానికన్నా ఇద్దరు ముగ్గురు అదనంగా లేకపోతే వీటో చేయకుండా బేరం ఆడటమే మేలు. ఓడిన వీటో తర్వాతి వీటో విలువనూ తీసేస్తుంది. సభ నడిచే ప్రతి రోజూ ఎవరు వచ్చారో చూసి చెప్పే మనిషి ఒకరుండాలి.

ఒక్క సీటు ఎంత పని చేస్తుందో కూడా ఉత్తర కరోలినాలోనే చూడొచ్చు. 2023 ఏప్రిల్‌లో ఒక డెమోక్రాట్ సభ్యురాలు పార్టీ మారడంతో రిపబ్లికన్లు 72కు చేరారు. మే నెలలో గర్భస్రావ చట్టంపై కూపర్ వీటో 72-48తో పోయింది. 2024 ఎన్నికల్లో ఆ సంఖ్య 71కి దిగింది. కొత్త గవర్నర్ జాష్ స్టైన్‌కు ఊపిరి ఆడుతుందనుకున్నారు గానీ, 2025 జులైలో కొన్ని బిల్లుల దగ్గర కొందరు డెమోక్రాట్లు అటు కలిశారు. పేర్ల జాబితా బిల్లుకొకటి కావాలని చెప్పేది అందుకే.

కెంటకీలాంటి చోట, అంటే మామూలు మెజారిటీతోనే వీటో కొట్టేయగలిగే రాష్ట్రాల్లో, ఈ తిప్పలేవీ అక్కరకు రావు. అక్కడ వీటోను అభిప్రాయం చెప్పడానికే వాడి, పలుకుబడిని విపత్తు సహాయం, పరిశ్రమలు తేవడం లాంటి పనుల్లో వెతుక్కోవాలి.

లక్షణం: ఆఖరి పదవీకాలం, ఎవరూ లెక్కచేయడం లేదు

వర్జీనియాలో వరసగా రెండోసారి పోటీకి వీల్లేదు, కాబట్టి ఈ జబ్బు మొదటి రోజు నుంచే ఉంటుంది. 2019 ఫిబ్రవరిలో జాతివివక్షతో కూడిన ఒక పాత ఫొటో వివాదంలో గవర్నర్ రాల్ఫ్ నార్తమ్‌ను సొంత పార్టీవాళ్లే దిగిపొమ్మన్నారు. దిగలేదు. నవంబరులో రెండు సభలూ డెమోక్రాట్ల చేతికి వచ్చాయి, 2021 మార్చిలో మరణశిక్ష రద్దుపై ఆయనే సంతకం చేశారు. గవర్నర్ తన తర్వాతి ఎన్నికను మరచిపోయి సభ ఎన్నికల తేదీని గోడకు రాసిపెట్టుకోవాలి.

అరుదైనవి

రీకాల్ ఎన్నికలో, అంటే పదవీకాలం మధ్యలోనే జనం ఓటేసి దించేసే ఎన్నికలో, ఇప్పటిదాకా పదవి పోయింది ఇద్దరు గవర్నర్లకే: 1921లో ఉత్తర డకోటాలో లిన్ ఫ్రేజియర్, 2003లో గ్రే డేవిస్. ఫ్రేజియర్ మరుసటి ఏడాదే అమెరికా సెనేట్‌కు ఎన్నికయ్యారు. అభిశంసన ఇంకా ప్రత్యేకం. 2009లో ఇల్లినాయ్‌లో రాడ్ బ్లగోయెవిచ్‌ను సెనేట్ 59-0తో తొలగించింది. కేసు అంతదాకా వస్తే చూడాల్సింది లాయర్లే.