చదవాల్సిన పుస్తకాల జాబితాలోకి కొత్త పుస్తకాన్ని ఎలా ఎంచుకోవాలి?

జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం నుంచి రెండు సంచుల నిండా పుస్తకాలు మోసుకెళ్లేవాళ్లను ఏటా చూస్తాను. మళ్లీ సంక్రాంతికి వాళ్లింటికి వెళ్తే అందులో సగం అట్ట కూడా నలగకుండా అలమరలో ఉంటాయి. వాళ్లకు చదివే అలవాటు లేక కాదు, ఎంచుకోవడంలోనే పొరపాటు జరిగింది. ఇరవై ఏళ్లకు పైగా నా జాబితా నేనే రాసుకుంటున్నాను, అడిగినవాళ్లకూ రాసిస్తున్నాను. ఈ పద్ధతిలో వెళ్తే డబ్బూ, అంతకంటే ముఖ్యంగా చదవాలన్న ఉత్సాహమూ వృథా కావు.

కావాల్సినవి

ఒక చిన్న నోటుబుక్కు, పెన్ను. ఫోన్లో రాయొద్దు, అక్కడ జాబితాకు అంతుండదు. నోటుబుక్కులో ఒక పేజీకి పన్నెండు వరుసలు గీయండి. పన్నెండూ నిండాక కొత్త పేరు రాయాలంటే పాతది ఒకటి కొట్టెయ్యాల్సిందే.

పేర్లు పోగెయ్యడం

ఇది తేలికే. కొత్త రచయితల కోసం నేను ముందు కథా సంకలనాలే చూస్తాను. కథాసాహితి వాళ్లు 1990 నుంచి ‘కథ’ పేరుతో తెస్తున్న సంకలనాలు గ్రంథాలయంలో దొరికితే ఒకటి తీసుకోండి. ఒకే పుస్తకంలో ఎంతోమంది గొంతులు వినిపిస్తాయి. ఏ కథ దగ్గర టీ చల్లారిపోయిందో ఆ రచయిత పేరు విడిగా రాసుకోండి. ఎవరైనా పుస్తకం చెబితే, ఎందుకు నచ్చిందో కూడా అడిగి పేరు పక్కన రాయండి. ‘చాలా బావుంది’ అన్న మాట ఒక్కటే చెబితే ఆ పేరు రాయొద్దు.

ఏ ముద్రణో చూడటం

అట్ట తిప్పగానే ప్రచురణ వివరాల పేజీ చూడండి. ‘సంక్షిప్తం’ అని ఉంటే పక్కన పెట్టెయ్యండి. పాత రచనలైతే ఏ కూర్పో చూడాలి. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ వేరు, గురజాడ బాగా పెంచి తిరగరాసి 1909లో తెచ్చినది వేరు. మనందరి నోళ్లలో నానుతున్నది రెండోది.

మధ్య పేజీల పరీక్ష

అందరూ తడబడేది ఇక్కడే. నిదానంగా చదవండి.

మన పుస్తకాల్లో మూడు నాలుగు ముందుమాటలుంటాయి. అవి ఇప్పుడు చదవొద్దు. రాసేది చాలాసార్లు స్నేహితులో గురువులో కాబట్టి అందులో ప్రేమ ఎక్కువుంటుంది. పైగా కథ సగం చెప్పేస్తారు. పుస్తకం పూర్తయ్యాక చదివితేనే వాటి విలువ తెలుస్తుంది. వెనక అట్ట కూడా చూడొద్దు. మొదటి పేజీని నమ్మొద్దు, ఏ రచయితైనా దాన్నే పదిసార్లు దిద్దుతాడు.

రెండొందల పేజీల నవలైతే ఎనభయ్యో పేజీ దగ్గరో, నూట ఇరవయ్యో పేజీ దగ్గరో తెరవండి. ఇద్దరు మనుషులు మాట్లాడుకునే చోటు వెతకండి. రెండు పేజీలు పెదాలు కదుపుతూ చదవండి. కంటితో చదివితే కుదరదు, చెవికి వినపడాలి. ఆ ఇద్దరి మాటల్లో ఎవరిది ఏదో పేర్లు చూడకుండా పోల్చుకోగలిగితే ఆ రచయితకు మనుషులు తెలుసు.

మాండలికం ఎదురైతే మరీ జాగ్రత్త. కోస్తా పాఠకుడికి ‘యాడికి పోతాండావు’ అని కాగితం మీద కనపడగానే కన్ను ఆగిపోతుంది. తెలంగాణ భాషతోనో, ఉత్తరాంధ్ర యాసతోనో మరొకరికి అలాగే ఉంటుంది. అరపేజీకే మూసెయ్యొద్దు. మళ్లీ మొదటినుంచి, ఇంకాస్త గొంతెత్తి చదవండి. రెండోసారికి చెవి పట్టుకుంటుంది. నేనొకసారి సీమ కథల పుస్తకం ఒకటి ఇలాగే వదిలేశాను. మూడేళ్ల తర్వాత అనంతపురం స్నేహితుడొకడు అందులో కథ చదివి వినిపిస్తే గొంతు పూడుకుపోయింది. కొందామంటే అప్పటికి ప్రతులు అయిపోయాయి. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఎన్నో ఆదివారాలు తిరిగితే గానీ దొరకలేదు. కొన్ని మాటలు తెలియకపోయినా ఫర్వాలేదు. మాట్లాడే మనిషి బాధో కోపమో అందుతోందా అన్నదే చూడండి.

అనువాదాలకు ఈ పరీక్ష రెండు చోట్ల చెయ్యండి. తల్లీకూతుళ్లు వంటింట్లో ఆఫీసు ఉత్తరంలా మాట్లాడుకుంటుంటే ఆ పుస్తకం ఎంత గొప్పదైనా ఆ అనువాదం వద్దు. మూలభాష నుంచి నేరుగా చేశారా, ఇంగ్లీషు మీదుగా చేశారా అన్నది కూడా చూడండి. రెండు అనువాదాలుంటే ఒకే సన్నివేశం రెండింట్లో చదవండి.

కవిత్వమైతే ఒకే ఒక్క కవిత, రెండుసార్లు. అంతకంటే వద్దు.

ఇదంతా జనం తోసుకునే సాయంత్రం కుదరదు. స్టాళ్లు తెరిచిన మొదటి గంటలో, ఆదివారం కాని రోజున, కడుపునిండా తిని వెళ్లండి.

ఇంత శ్రమెందుకు, నెట్‌లో స్టార్లు చూస్తే చాలదా అని అడుగుతారు. చాలదు. సమీక్ష కథేమిటో చెబుతుంది. మీరు వారం రోజులు కలిసి ఉండాల్సింది ఆ రచయిత వాక్యంతో. అది మీకు సరిపడుతుందో లేదో మీ చెవి తప్ప ఎవరూ చెప్పలేరు.

జాబితాలో రాయడం

పరీక్ష దాటిన పుస్తకాన్నే ఆ పన్నెండు వరుసల్లో తేదీ వేసి రాయండి. పన్నెండులో ఒకే రచయితవి రెండుకు మించకూడదు. ఒక ఆత్మకథ, ఒక వ్యాస సంపుటి తప్పనిసరి. పదేళ్ల కిందట చదివి మర్చిపోయినది ఒకటి కూడా ఉండాలి.

ఆరు నెలలైనా ముట్టుకోని పేరును కొట్టెయ్యండి. పుస్తకం ఇంట్లోనే ఉంటే, చదువుతానన్నవాళ్లకు ఇచ్చెయ్యండి. ఆ పేరు మళ్లీ ఎవరి నోటైనా వింటే, ఈసారి వాళ్లు చెప్పిన కారణం కొత్తదైతేనే తిరిగి రాసుకోండి.