ట్రైనర్ ఎక్కి తొక్కే ముందు

ట్రైనర్ అంటే సైకిల్‌ని బిగించి గదిలోనే ఉన్నచోట తొక్కే స్టాండు. కొనే ముందే చూసుకోండి: వెనక చక్రం తీసి బిగించే డైరెక్ట్ డ్రైవ్ రకమైతే దాని క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల గుత్తి) మీ సైకిల్ గేర్లకు సరిపోవాలి. 11 స్పీడ్ (వెనక 11 గేర్లున్న) సైకిల్‌కి 11 స్పీడ్ క్యాసెట్టే. యాక్సిల్ (చక్రం ఇరుసు) కొలత కూడా కలవాలి. త్రూ యాక్సిల్ (ఫ్రేమ్‌లోకి దూర్చి తిప్పి బిగించే ఇరుసు) ఉంటే అడాప్టర్ అడగండి. కార్బన్ ఫ్రేమ్ అయితే ట్రైనర్‌పై వాడొచ్చో లేదో తయారీదారు సూచనల్లో చూడండి.

చక్రాన్ని రోలర్‌కి ఆనించే రకం చవక, కానీ చప్పుడెక్కువ. గుబ్బల టైరుతో అసలు వద్దు. క్విక్ రిలీజ్ (చిన్న లివర్‌తో చక్రం విప్పే) సైకిలైతే ట్రైనర్‌తో వచ్చిన స్టీల్ స్క్యూయరే (ఇరుసులోంచి దూరే సన్న కడ్డీ) వాడాలి. టైరులో గాలి ప్రతిసారీ ఒకేలా ఉంచండి, లేకపోతే ట్రైనర్ చూపే శక్తి, వేగం అంకెలు నమ్మలేం.

వెనక చక్రం తీశాక డిస్క్ బ్రేక్ నొక్కకండి! ప్యాడ్లు దగ్గరకొచ్చి ఇరుక్కుంటాయి. మధ్యలో స్పేసర్ (ప్యాడ్లని దూరంగా ఉంచే చిన్న ముక్క) పెట్టేయండి. ఈ పొరపాటు నేనూ చేశాను.

ఫ్యాన్ తప్పనిసరి. గదిలో ఎదురుగాలి ఉండదు కాబట్టి చెమట కారిపోతుంది, అది హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటు) బోల్టుల్ని తుప్పు పట్టిస్తుంది. హ్యాండిల్ మీద తువ్వాలు, కింద మ్యాట్, చేతికందేలా నీళ్లు.

తిరిగే ఫ్లైవీల్ (ట్రైనర్‌లోని బరువైన చక్రం) దగ్గరికి పిల్లల్ని రానివ్వొద్దు.