గుంటగలగరాకు నూనె ముక్కిపోకుండా

మా ఇంట్లో కాచే గుంటగలగరాకు నూనె వానాకాలానికి ముక్కవాసన వేసేది. సీసా అడుగున నీటి బొట్లు. అంటే పసరులోని తేమ పూర్తిగా ఇగరలేదన్నమాట.

ఈసారి నువ్వుల నూనెకు నాలుగింతల పసరు, కాస్త ఆకు ముద్ద కలిపి సన్నని సెగ మీద పెట్టి, గడియారాన్ని కాక ఆయుర్వేదం చెప్పే పాకపరీక్షను నమ్ముకున్నాను. చిటికెడు ముద్ద తీసి నలిపితే మొదట వేళ్లకు జిగటగా అంటుకుంది. కాసేపటికి చక్కగా వత్తిలా వచ్చింది. దీపానికి చూపితే చిటపటలాడకుండా వెలిగింది. నూనె మీద నురగ లేచింది (నెయ్యికైతే నురగ అణగాలి). వెంటనే దించి వేడిగానే వడగట్టాను. ముద్ద మాడేదాకా ఉంచితే ఆ నూనె ఎందుకూ పనికిరాదు.

వానలు వెళ్లాయి, వాసన మారలేదు. జుట్టు ఒత్తుగా పెరిగిందా అని మాత్రం అడగకండి, అది వేరే సంగతి.