సొట్ట పడిన అప్‌రైట్, వంగిన బీమ్: గోడౌన్ ర్యాకుల సమస్యలు - పరిష్కారాలు

మేడ్చల్, పటాన్‌చెరు వైపు గోడౌన్లలో ర్యాకులు చూడటానికి వెళ్తే నేను ముందు పైకి చూడను. నేల నుంచి నడుము ఎత్తు దాకా చూసుకుంటూ వరసల మధ్య నడుస్తాను. ప్యాలెట్ (సరుకు పేర్చి ఎత్తే పలక) ర్యాక్‌కి వచ్చే జబ్బుల్లో చాలా భాగం అక్కడే కనిపిస్తాయి. నిలువు స్తంభం అప్‌రైట్. రెండు అప్‌రైట్లను కలిపే అడ్డ, ఏటవాలు పట్టీలు బ్రేసింగ్. ఇవన్నీ కలిస్తే ఒక ఫ్రేమ్. రెండు ఫ్రేముల మధ్య ప్యాలెట్లను మోసేది బీమ్. ఇక సమస్యల్లోకి వెళ్దాం.

సమస్య: అప్‌రైట్ కింద సొట్ట పడింది, లేదా వంగింది

కారణం ఫోర్క్‌లిఫ్టే (ఫోర్కులతో ప్యాలెట్లను ఎత్తే బండి), అందులో సందేహం లేదు. కానీ ఎలా తగిలిందో సొట్టే చెబుతుంది. నేలకు జానెడు ఎత్తులో దారి వైపు ముఖాన ఉంటే బండి కాళ్లో బాడీయో తగిలింది. ఫోర్క్‌లిఫ్ట్ వెనక చక్రాలతో మలుపు తిరుగుతుంది కాబట్టి, డ్రైవర్ ఈ వరసలో ప్యాలెట్ పెడుతుంటే బండి తోక ఎదుటి వరసను కొట్టవచ్చు. దెబ్బ మనిషి ఎత్తులో ఉంటే ఫోర్కుల మొనో, ప్యాలెట్ మూలో అయి ఉంటుంది. అప్‌రైట్ పక్క ముఖాన గీరుకుపోయి ఉంటే ప్యాలెట్‌ని వంకరగా లోపలికి తోస్తున్నారన్నమాట.

ముందు కొలవండి. ఒక మీటరు పొడవున్న తిన్నని స్కేలును సొట్ట మధ్యకు వచ్చేలా ఆనించి, సందు ఎంతుందో చూడండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 15635 ప్రకారం అప్‌రైట్ దారి నుంచి లోపలికి వంగితే 3 మి.మీ., బీమ్‌ల వెంట పక్కకి వంగితే 5 మి.మీ., బ్రేసింగ్ పట్టీ వంగితే 10 మి.మీ. వరకు పరవాలేదు. అది ఆకుపచ్చ. రాసిపెట్టుకుని, వచ్చే తనిఖీలో మళ్లీ చూస్తే చాలు. ఆ హద్దు దాటితే పసుపు: ఉన్న సరుకు దించాక, రిపేరు అయ్యేదాకా కొత్తది ఎక్కించకూడదు. నాలుగు వారాల్లో బాగుచేయకపోతే అది ఎరుపు కిందే లెక్క. హద్దుకు రెట్టింపు దాటితే నేరుగా ఎరుపు. వెంటనే ఖాళీ చేయాలి.

ఖాళీ అంటే ఆ ఫ్రేమ్‌కి రెండు వైపులా ఉన్న ప్యాలెట్లన్నీ. చాలామంది ఒక వైపు దించి ఊరుకుంటారు. లెక్క చూడండి. ఒక్కో మెట్టుకి టన్ను బరువున్న ప్యాలెట్లు రెండు, నాలుగు మెట్ల బీమ్‌లు ఉన్నాయనుకుందాం. అంటే ఒక బేకి (రెండు ఫ్రేముల మధ్య జాగాకి) 8 టన్నులు. వరస మధ్యలో ఉన్న ఫ్రేమ్ కుడి బేలో సగం, ఎడమ బేలో సగం మోస్తుంది. మొత్తం 8 టన్నులు, ఒక్కో అప్‌రైట్ మీద 4. ఒక వైపు దించితే సగం బరువు ఇంకా ఆ వంకర కాలి మీదే ఉంది. ఒక ఫ్రేమ్ కూలితే పక్కవాటినీ లాక్కుపోగలదు. 2016 మేలో ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్‌లో జున్ను నిల్వ చేసిన గోడౌన్‌లో ర్యాకులు అలాగే వరసగా కూలిపోయాయి. వాటి కింద గంటల తరబడి ఇరుక్కున్న డ్రైవర్ ప్రాణాలతో బయటపడ్డాడు.

గ్యాస్‌తో వేడిచేసి సుత్తితో సాపు చేయించడం, పైన రేకు ముక్క వెల్డింగ్ చేయించడం మనవాళ్లకు అలవాటు. దయచేసి వద్దు. అప్‌రైట్‌ని ఉక్కు రేకు చల్లగా ఉండగానే రోలర్ల మధ్య మడిచి చేస్తారు. దాని బలంలో కొంత ఆ మడతల వల్ల వచ్చిందే. కాల్చగానే అది పోతుంది. ఎంత పోయిందో చూసి చెప్పలేం. పాడైన అప్‌రైట్ మార్చాలి, లేదా తయారీదారు ఒప్పుకున్న రిపేర్ కిట్ వేయించాలి.

తర్వాత బోల్టులతో నేలకు బిగించిన గార్డులు పెట్టించండి. ఒకే చోట మళ్లీ మళ్లీ సొట్టలు పడుతుంటే డ్రైవర్ని తిట్టే ముందు దారి వెడల్పు కొలవండి. మామూలు కౌంటర్‌బ్యాలెన్స్ బండికి (వెనక బరువుతో తూగే ఫోర్క్‌లిఫ్ట్) దాదాపు 3.5 నుంచి 4 మీటర్లు కావాలి, రీచ్ ట్రక్కుకి (ఫోర్కులు ముందుకి చాచే, ఇరుకు దారుల బండి) 3 మీటర్ల లోపే సరిపోతుంది. రీచ్ ట్రక్కు లెక్కన వరసలు వేయించి, తర్వాత డబ్బులు మిగులుతాయని కౌంటర్‌బ్యాలెన్స్ బండి తెచ్చిన చోటు నేను చూశాను. అక్కడ సొట్ట పడని కాలు లేదు. ఇంకో మాట: తగిలిందని చెప్పిన డ్రైవర్‌కి జీతంలో కోత పెడితే, రేపటి నుంచి సొట్టల మీద పెయింట్ కనిపిస్తుంది.

సమస్య: బీమ్ మధ్యలో కిందికి వంగింది

సరుకున్నప్పుడు కొంత వంగడం మామూలే. హద్దు పొడవులో 200వ వంతు. 2700 మి.మీ. బీమ్ అయితే 13.5 మి.మీ. ఒక చివర నుంచి ఇంకో చివరకు దారం లాగి కట్టి కొలవండి. దాటిందంటే బరువు ఎక్కువైంది, లేదా ఒకే చోట పడుతోంది. ర్యాక్‌కి తగిలించిన బోర్డు మీద రాసిన కెపాసిటీ బరువు బీమ్ అంతటా సమంగా పరుచుకున్నప్పటిది. రెండు ప్యాలెట్ల చోట ఒకే బరువైన మోటారుని మధ్యలో పెడితే ఆ అంకె వర్తించదు. సరుకు దించాక బీమ్ తిన్నగా లేస్తే బరువు సరిచేస్తే చాలు. మామూలుగా వంగాల్సినదాంట్లో 20 శాతానికి మించి వంపు మిగిలిపోతే దాన్ని మార్చేయాలి.

సమస్య: బీమ్ కొక్కెం రంధ్రంలోంచి లేచింది

ఫోర్కులు పైకి లేస్తూ పై బీమ్‌ని కింది నుంచి తన్నాయి, అక్కడ లాక్ పిన్ లేదు. అంతే. పిన్ పని అలా లేవకుండా ఆపడం. పిన్ ఊడినచోట మేకో, బైండింగ్ వైరో పెడితే చూడ్డానికి నిండుగా ఉంటుంది, దెబ్బకి ఆగదు. బే ఖాళీ చేసి, కొక్కేలు, రంధ్రాలు చిరిగాయేమో చూసి, అదే కంపెనీ పిన్ వేయండి. వేరే కంపెనీ బీమ్ రంధ్రంలోకి దూరినంత మాత్రాన సరిపోయినట్టు కాదు.

సమస్య: ర్యాక్ ఒక పక్కకి ఒరిగింది

పై నుంచి గుండు కట్టిన దారం వేలాడదీసి చూడండి. ఖాళీ ర్యాక్ బిగించినప్పుడు ఎత్తులో 350వ వంతు కన్నా ఒరగకూడదు. 7 మీటర్లకి 20 మి.మీ. బేస్ ప్లేట్ (అప్‌రైట్ అడుగు రేకు) కింద ఫ్లోరింగ్ కుంగిందా, దాన్ని నేలకు పట్టే యాంకర్ బోల్టులు వదులయ్యాయా చూడండి. మట్టి సరిగా దిమ్మిస కొట్టకుండా పోసిన కాంక్రీట్ మీద ఇది తరచూ వస్తుంది. ఖాళీ చేశాక ఉక్కు షిమ్ ప్లేట్లు (సందు నింపే పలచని రేకులు) వేసి లెవెల్ చేసి బిగించాలి. చెక్క ముక్కలు వద్దు, నలిగిపోతాయి. ఫ్లోరింగ్ పగిలి ఉంటే ముందు దాని సంగతి చూడాలి.

సమస్య: అంతా బాగానే ఉంది, కానీ బీమ్‌లు జరిపారు

నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇదే, ఎందుకంటే కంటికి ఏదీ కనిపించదు. పొడుగు సరుకు వచ్చిందని కింది బీమ్‌ని ఒకటిన్నర మీటర్ల నుంచి రెండు మీటర్ల పైకి లేపేస్తారు. రంధ్రాలున్నాయి కదా, పది నిమిషాల పని. చీపురు పుల్లని పొట్టిగా విరిచి రెండు చివర్లా నొక్కండి, గట్టిగా ఆగుతుంది. పొడుగుదైతే టక్కున వంగుతుంది. అప్‌రైట్ కూడా అంతే. ఆసరా లేని ఎత్తు పెరిగేకొద్దీ అది మోయగల బరువు బాగా తగ్గిపోతుంది. బోర్డు మీద మాత్రం పాత అంకే ఉంటుంది. బీమ్ జరపాలంటే కొత్త ఎత్తుతో తయారీదారు దగ్గర లెక్క వేయించి, బోర్డు మార్చాకే సరుకు ఎక్కించండి.

కొత్తవి కొనేటప్పుడు

మీ దగ్గర తిరిగే ప్యాలెట్ కొలత, సరుకుతో కలిపి దాని బరువు, బండి మోడల్, ఫ్లోరింగ్ మందం ఇవి చేతిలో పెట్టుకుని కొటేషన్ అడగండి. బండి ర్యాక్ లోపలికే వెళ్లే డ్రైవ్-ఇన్ రకంలో స్థలం కలిసొస్తుంది, కానీ చివర పెట్టింది ముందు బయటికొస్తుంది. గడువు తేదీ ఉన్న సరుకుకి అది తలనొప్పి. సెకండ్ హ్యాండ్ తీసుకుంటే తయారీదారు లోడ్ పట్టిక లేకుండా తీసుకోవద్దు. కొత్త ఆర్డర్‌లోనే స్పేర్ అప్‌రైట్లు రెండు, లాక్ పిన్నులు ఓ వంద ఎక్కువ రాయించుకోండి. ఐదేళ్ల తర్వాత అదే రంధ్రాల డిజైన్ మార్కెట్లో దొరుకుతుందన్న గ్యారంటీ లేదు.