చేతుల చర్మం పొట్టు లేస్తుంటే ఎలా చూసుకోవాలి?

వేలి కొసన చిన్న పొర లేస్తుంది. మనకు తెలియకుండానే రెండో చేతి గోరు దాని మీదికి వెళ్తుంది. లాగితే ఆ పొర పచ్చి చర్మం దాకా చీలి మంట పుడుతుంది. ముందు మానవలసింది ఆ లాగడమే. పొర మరీ అడ్డుపడుతుంటే శుభ్రమైన చిన్న కత్తెరతో, పైకి లేచిన మేరకే కత్తిరించండి. అంటుకొని ఉన్న భాగం జోలికి పోవద్దు.

ఈ బాధ చేతులకే ఎక్కువగా ఎందుకు వస్తుంది? ఒంటి మీద దాదాపు అంతటా చర్మానికి కావలసిన జిడ్డును అందించే గ్రంథులు ఉంటాయి. అరచేతుల్లో, అరికాళ్లలో మాత్రం అవి లేవు. పై పొరలోని కణాలను పట్టి ఉంచే కొద్దిపాటి కొవ్వును సబ్బు, వేడినీళ్లు, అంట్ల పొడి, శానిటైజర్ పదే పదే కడిగేస్తుంటే ఆ పొర ఎండి, చిట్లి, ఊడుతుంది. చలికాలపు పొడిగాలి దీనికి తోడవుతుంది.

ఏ క్రీమైనా రాసే ముందు మంచి వెలుతురులో రెండు చేతులనూ, పాదాలనూ పరిశీలించండి. ఈ పనిని చాలామంది వదిలేస్తారు, నిజానికి సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది. రెండు చేతులూ పొడిబారి, నీటి పని పెరిగినప్పుడల్లా ఎక్కువవుతుంటే తరచూ కడగడమే కారణం కావచ్చు. వేళ్ల పక్కల సగ్గుబియ్యం గింజల్లాంటి నీటి పొక్కులు లేచి, విపరీతంగా దురద పెట్టి, తరువాత పొట్టు రాలితే అది ఒక రకం ఎగ్జిమా (దురద పెట్టే చర్మపు వాపు) కావచ్చు. దురదా నొప్పీ లేకుండా అరచేతిలో గుండ్రని పొరలు లేచి, వేసవిలో ఎక్కువయ్యే రకం ఇంకొకటి ఉంది. చేతులకు చెమట ఎక్కువగా పట్టేవారిలో ఇది తరచూ కనిపిస్తుంది, ప్రమాదమేమీ లేదు. ఒక చెయ్యి మాత్రమే పొట్టు రాలుతూ, రెండు పాదాలూ పొలుసులు కట్టి ఉంటే ఫంగస్‌ను అనుమానించాలి. మందంగా ఎర్రబడిన మచ్చలు, గోళ్ల మీద సూదితో పొడిచినట్టు గుంటలు ఉంటే సోరియాసిస్ కావచ్చు. ఉంగరం కిందనో, రబ్బరు చేతితొడుగు తగిలిన మేరకో మాత్రమే వస్తే ఆ వస్తువు పడకపోవడం కారణం కావచ్చు.

ఇక కడుక్కునే తీరు మార్చండి. చేతులు కడగడం మానకూడదు, ఇరవై సెకన్లు కడగాలన్న నియమమూ అలాగే ఉండాలి. వేడినీళ్లకు బదులు గోరువెచ్చని లేదా చల్లని నీరు, సువాసన లేని మృదువైన సబ్బు వాడండి. ముందుగా ఉంగరాలు తీసేయండి, వాటి కింద సబ్బు నిలిచిపోతుంది. తుడిచేటప్పుడు రుద్దకుండా తువ్వాలుతో అద్దండి.

చర్మంలో ఇంకా కాస్త తడి ఉండగానే మాయిశ్చరైజర్ రాయాలి. అది చేసే ముఖ్యమైన పని ఉన్న తడిని బయటికి పోకుండా ఆపడం; బాగా ఆరిపోయాక రాస్తే ఆపడానికి తడి పెద్దగా మిగలదు. పలచని లోషన్ కంటే చిక్కని క్రీము, దానికంటే పెట్రోలియం జెల్లీ ఎక్కువసేపు కాపాడతాయి. చేతులు కడిగిన ప్రతిసారీ రాయండి, వేళ్ల సందుల్లోకీ గోళ్ల చుట్టూ పోవాలి. యూరియా ఉన్న క్రీములు మందంగా ఎండిన చర్మాన్ని బాగా మెత్తబరుస్తాయి కానీ పగుళ్లు ఉన్నచోట చురుక్కుమంటాయి. రాత్రి పెట్రోలియం జెల్లీ దట్టంగా పట్టించి నూలు చేతితొడుగులు వేసుకుని పడుకుంటే మర్నాటికే తేడా తెలుస్తుంది.

అంట్లు తోమేటప్పుడు, బట్టలు ఉతికేటప్పుడు లోపల నూలు చేతితొడుగులు, పైన నీరు దూరనివి తొడుక్కోండి. లోపల చెమట పట్టగానే తీసేయాలి, ఆ చెమట కూడా చర్మాన్ని పాడుచేస్తుంది.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. పొట్టు రాలుతోంది కదా అని మందుల దుకాణంలో ఏదో ఒక స్టెరాయిడ్ క్రీము కొని రాయవద్దు. ఫంగస్ మీద రాస్తే పైకి ఎరుపు తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల అది మరింత పాకుతుంది, ఆ తరువాత గుర్తుపట్టడం వైద్యులకూ కష్టమవుతుంది. ఎగ్జిమాకు ఆ మందే మేలు చేస్తుంది, అయితే ఎంత బలమైనది, ఎన్నాళ్లు అన్నది వైద్యులు చెప్పాలి.

చర్మం పై పొర పూర్తిగా కొత్తది కావడానికి దాదాపు నాలుగు వారాలు పడుతుంది కనుక రెండు రోజులకే నిరాశపడవద్దు. కానీ రెండు వారాలు శ్రద్ధగా చూసుకున్నా ఏమాత్రం తగ్గకపోతే, చీము పట్టినా, వాచి నొప్పి పెట్టినా, ఒక చేతికే పరిమితమైనా చర్మవైద్యులను కలవండి. పసిపిల్లలకు రోజుల తరబడి జ్వరం, కళ్లెర్రబడటం, పెదవులు పగలడం, ఒంటి మీద దద్దుర్లు కనిపిస్తే చేతులు పొట్టు రాలేదాకా ఆగకుండా వెంటనే వైద్యులకు చూపించాలి. గుండె రక్తనాళాలను దెబ్బతీసే కవాసాకి జబ్బు ఇలాగే మొదలవుతుంది, మునివేళ్ల చర్మం ఊడేది ఆ తరువాత రెండు మూడు వారాలకే. వైద్యుల దగ్గరికి వెళ్లేటప్పుడు మీరు వాడే సబ్బులు, క్రీములు, మాత్రల పేర్లన్నీ రాసుకుని వెళ్లండి.