ఓటు పెట్టేముందు నాడి చూడండి

మాది నెల్లూరు జిల్లాలో చెరువు కింది ఊరు. నీటి సంఘంలో ఆరేళ్లు మినిట్స్ రాశాను. మాకు తగాదాలన్నీ ఎడగారు, అంటే రెండో పంట దగ్గరే. మొదటి పంట కోతలయ్యాక, చెరువులో మిగిలిన నీళ్లకు మళ్లీ వరి వేద్దామా వద్దా? దీన్ని నేరుగా ఓటుకు పెడితే, ఓడినవాళ్లు ఆ కోపమంతా తూము దగ్గర చూపిస్తారు. అందుకే ముందు నాడి చూడాలి, అంటే లెక్కలోకి రాని ఉత్తుత్తి ఓటుకు చేతులెత్తించి ఎవరెటున్నారో కనుక్కోవాలి.

నాడి చూసేటప్పుడు మినిట్స్ పుస్తకం మూసి, పెన్ను జేబులో పెట్టుకోండి. “ఇది తీర్మానం కాదు, ఏదీ రాయడం లేదు” అని గట్టిగా చెప్పండి. ఒకసారి నేను అలవాటుకొద్దీ పుస్తకం అంచున పెన్సిల్‌తో, వేద్దామన్న చేతులు 31 అని వేశాను. వారం తిరక్కముందే ఒకాయన అదే తీర్మానమని నారు పోసేశాడు. ఆ గొడవ సర్దేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఒక్క ప్రశ్న అడిగితే చాలదు, మూడు అడగండి. వేద్దామనేవాళ్లెవరు? ఎట్లయినా సరేననేవాళ్లెవరు? వేస్తే మాకు నష్టం అనేవాళ్లెవరు? మూడోదానికి లేచిన చేతులు ఎన్నని కాదు, ఎక్కడివో చూడండి. మాకు లేచినవి ఆరే, ఆరూ కాలవ చివరి రైతులవే.

“ఏందబ్బయా, నువ్వెందుకొద్దంటున్నావ్?” అన్నాను.

“తూము కింద మీకేమన్నా, నీళ్లొస్తాయి. నేను రాత్రంతా టార్చిలైటు పట్టుకుని కాలవగట్టు మీద కూర్చోవాల. పోయినసారి ఎకరాకు రెండు పుట్లు కూడా రాలేదు.”

మా పుట్టి 850 కిలోలు. లెక్క మీరే వేసుకోండి.

పెద్దరైతు చెయ్యెత్తేదాకా కౌలురైతు ఎత్తడు. అట్లాంటిచోట చేతులొద్దు. వేద్దామంటే వడ్లగింజ, వద్దంటే మినపగింజ, గుప్పిట మూసి చెంబులో వేయమనండి. అధ్యక్షుడు మాత్రం తన మనసులో మాట ముందే బయటపెట్టకూడదు.

అమెరికాలో 1876లో మొదట అచ్చయిన రాబర్ట్స్ రూల్స్ అని సభలు నడిపే పద్ధతుల పుస్తకం ఉంది; దాని ఇప్పటి ప్రతి ప్రకారమైతే, సభ నడుస్తుండగా ఇట్లా ఉత్తుత్తి ఓటు అడగడం కుదరదు. ఏదీ తేల్చని ఓటుకు సభ టైము ఎందుకని వాళ్ల వాదన. బదులుగా సభంతా కాసేపు కమిటీగా మారి, మాట్లాడుకుని ఓటేసి, దాన్ని సిఫారసుగా మళ్లీ సభ ముందే పెట్టుకోవచ్చు. మాకంత తతంగం ఎక్కడ! సభ మొదలైందని చెప్పకముందే, టీ గ్లాసులు చేతిలో ఉండగానే కానిచ్చేస్తాం.

ఆ తర్వాత ప్రతిపాదన మార్చండి. మేం వరి సగానికి తగ్గించి, మిగతా పొలంలో మినుము వేద్దామన్నాం. నీళ్ల వంతు కాలవ చివరినుంచి మొదలుపెడదామన్నాం. మళ్లీ నాడి చూస్తే, నష్టమన్న ఆరు చేతులు ఒక్కదానికి తగ్గాయి. అప్పుడు పుస్తకం తెరిచి, తీర్మానం పైకి చదివి, అసలు ఓటు పెట్టాం.