సాల్మన్ సీజన్‌కి స్కైకోమిష్ గట్టెక్కే ముందు: కొన్ని జాగ్రత్తలు

సెప్టెంబర్ వచ్చిందంటే సియాటిల్ చుట్టుపక్కల నదుల్లోకి కోహో సాల్మన్ ఎక్కడం మొదలవుతుంది. బేసి సంవత్సరాల్లో అంతకన్నా ముందే, ఆగస్టులోనే, పింక్ సాల్మన్ గుంపులు వచ్చేస్తాయి. అక్టోబర్ దాటాక చమ్ సాల్మన్ వంతు. ఈ నెలల్లో శనివారం తెల్లవారేసరికి స్కైకోమిష్ నది మీద మన్రో, సుల్తాన్ ఊళ్ల దగ్గరా, దక్షిణాన ప్యువాలప్ నది మీదా గట్లు నిండిపోతాయి. రెడ్‌మండ్, బోథెల్, సమామిష్‌ల నుంచి మనవాళ్లూ కార్లేసుకుని బయల్దేరుతున్నారు. మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. నదికి చేరగానే గాలం వేయకండి. అరగంట గట్టు మీద కూర్చుని, అప్పటికే ఉన్నవాళ్లు ఎక్కడ నిలబడ్డారో, ఎలా వేస్తున్నారో చూడండి. అక్కడ జరిగే గొడవల్లో చాలా భాగం ఈ అరగంట ఓపిక లేక వచ్చేవే.

ముందు కాగితాలు

పదిహేనేళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ వాషింగ్టన్ రాష్ట్ర చేపలు, వన్యప్రాణుల శాఖ ఇచ్చే లైసెన్సు ఉండాలి. సాల్మన్ కోసమైతే దాంతోపాటు, పట్టిన చేపల లెక్క రాసే క్యాచ్ రికార్డ్ కార్డు కూడా. చిన్నపిల్లలకి లైసెన్సు అక్కర్లేదు గానీ కార్డు కావాలి. ఇండియా నుంచి వచ్చిన నాన్నగారు సరదాకి ఒక్కసారి రాడ్ అందుకుని విసిరినా అది వేటే, ఆయన పేరు మీదా రెండు మూడు రోజుల లైసెన్సు తీసుకోండి. రాష్ట్రవాసుల ధరకి కావాలంటే ఇక్కడ కనీసం 90 రోజులు కాపురం ఉండాలి. చేపని ఉంచుకుంటున్నామనుకున్న వెంటనే కార్డులో పెన్నుతో రాయాలి, కారు దగ్గరికి వెళ్లాక కాదు. ఒక్కొక్కరు రోజుకి ఇన్ని చేపలే ఉంచుకోవాలని లెక్క ఉంటుంది, మీ లెక్క పూర్తయ్యాక బావగారి లెక్క కూడా మీరే పట్టిపెడతానంటే గట్టు మీద కుదరదు.

ఇక్కడి చేపల చట్టం ఉల్లంఘనల్లో కొన్ని మామూలు చలానాతో పోవు, మిస్‌డిమీనర్ అవుతాయి, అంటే నేరం కింద లెక్క. గ్రీన్ కార్డు దరఖాస్తులో అరెస్టులు, సైటేషన్ల గురించి అడిగే ప్రశ్న ఉంటుంది. ఒక్క చేప కోసం అక్కడ 'అవును' అని పెట్టి లాయర్ చుట్టూ తిరగడం ఎవరికి కావాలి?

నిబంధనలు నదికో రకం. ఒకే నదిలో వంతెనకి పైనొకటి, కిందొకటి ఉంటాయి. అనుకున్నన్ని చేపలు రాకపోతే అత్యవసర ఉత్తర్వుతో సీజన్ మధ్యలోనే మూసేస్తారు. పోయిన వారం స్నేహితుడు పట్టాడు కదా అని వెళ్లకండి, బయల్దేరే రోజు శాఖ వెబ్‌సైట్‌లో ఆ నది పేరు వెతికి చూడండి. ఇసాక్వా ఊళ్లో హేచరీ (చేపపిల్లల్ని పెంచే కేంద్రం) పక్క వాగులో కళ్లముందే చేపలు కదులుతుంటాయి. అక్కడ చూసి రావడమే.

వరసలో నిలబడటం

ఇద్దరి మధ్య ఖాళీ కనిపించగానే దూరిపోవద్దు. చేప లాక్కుపోతుంటే దాని వెంట దిగువకి వెళ్లినవాడి చోటు అయ్యుండొచ్చు. కాసేపు ఆగి, రెండు వైపులవాళ్లనీ 'ఇక్కడ నిలబడొచ్చా' అని అడగండి. అడిగితే చాలామంది ఒక అడుగు జరిగి చోటిస్తారు. అడగకుండా దిగినవాడికి లైన్ చిక్కుపడినప్పుడు సాయం చేసేవాడుండడు. జనం పల్చగా ఉన్నచోట ఇంకో మర్యాద ఉంది. ఒకరు ఎగువ నుంచి అడుగు అడుగు కిందికి జరుగుతూ వేస్తుంటే, వాళ్లు ఇంకా చేరని నీళ్లలో, వాళ్లకి దిగువన మనం దిగకూడదు. వాళ్లు వదిలి వచ్చిన ఎగువ నీళ్లలో మొదలుపెట్టాలి. పాతకాపులకి ఒళ్లుమండే తప్పు ఇది.

అందరూ బెండు కట్టి వదులుతుంటే మీరూ బెండే కట్టండి. అందరూ సీసం కట్టి అడుగున దొర్లిస్తుంటే మీరూ అదే. మీకు స్పూన్ (చెంచాలా మెరిసే లోహపు ఎర) బాగా అలవాటని అది వేసి లాగితే నలుగురి లైన్లకీ అడ్డంగా లాగినట్టే. వరసలో వేసే పద్ధతి కష్టమేమీ కాదు. కాస్త ఎగువకి విసరాలి, నీటితోపాటు కిందికి రానివ్వాలి, లైన్ దిగువన బిగుసుకోగానే చుట్టేయాలి. ఎగువవాడు వేశాక మీరు, మీ వెనకే మీ దిగువవాడు. కోలాటం జట్టులో అడుగు కలిపినట్టు ఆ వరస అందుకుంటే ఇరవై మంది పక్కపక్కన వేసినా లైన్లు కలవవు. మీ గాలం పక్కవాళ్ల కన్నా జోరుగా కొట్టుకుపోతుంటే సీసం చాలలేదని అర్థం, ఇంకో ముక్క కట్టండి. ఎంత జాగ్రత్తగా ఉన్నా చిక్కు పడుతుంది. అప్పుడు గుంజకుండా 'సారీ' చెప్పి మీ లైనే కోసేసుకోండి. కొక్కెం ఖరీదు ఎంతని!

'ఫిష్ ఆన్!' (చేప పడింది) అని అరుపు వినపడితే అటూ ఇటూ ఉన్నవాళ్లు వెంటనే లైన్లు చుట్టేయాలి. చేప దిగువకి పరిగెడితే పట్టినవాడూ దాని వెంట వస్తాడు, వెనక్కి తగ్గి దారివ్వండి. పడింది మీకైతే మీరూ అరవండి. కొత్తవాళ్లు మొహమాటంతో నోరు మెదపరు, దాంతో నాలుగు లైన్లు చుట్టుకుని చేపా పోతుంది, స్నేహాలూ పోతాయి. వీడియో బాగా రావాలని చేపని ఇరవై నిమిషాలు ఆడించడం మాత్రం అన్యాయం, అంతసేపూ మిగతావాళ్లు రాడ్లు ఎత్తుకుని నిలబడాలి. గట్టిగా ఉండే లైన్ వేసుకుని త్వరగా ఒడ్డుకి తెచ్చుకోండి. విసిరే ముందు వెనక్కి చూసుకోవడం, కళ్లద్దాలు పెట్టుకోవడం తప్పనిసరి. కొక్కెం తెగి ఎగిరొచ్చే సీసం ముక్క కంటికి తగిలితే ఆసుపత్రే.

నోట్లో పడిందా, ఒంట్లో దిగిందా

నీళ్లు తగ్గి చేపలు మడుగుల్లో కిక్కిరిసినప్పుడు కొందరు లైన్ దిగువన బిగుసుకునే సమయానికి ఒక్క ఉదుటున గుంజుతారు, వీపులోనో తోకలోనో కొక్కెం దిగుతుంది. దీన్ని స్నాగింగ్ అంటారు, చట్టవిరుద్ధం. మఫ్టీలో గట్టు మీద కూర్చున్న అధికారి ముందుగా చూసేది ఆ గుంజుడునే. పొరపాటున ఒంట్లో తగిలినా వదిలేయాల్సిందే. దాంతో కొట్లాడకుండా రాడ్‌ని తిన్నగా చేప వైపు చూపించి లైన్ తెంపేయండి.

చాలా నదుల్లో మొన పక్కన వెనక్కి తిరిగిన ముల్లు లేని ఒంటి కొక్కెమే వాడాలి, ప్లయర్స్‌తో ముల్లు నొక్కేసినా సరిపోతుంది. వలబుట్ట ముడులు లేనిది కొనండి. తోకకి ముందు వీపు మీద ఉండే చిన్న కొవ్వు రెక్క కత్తిరించి, ఆ మచ్చ మానిపోయి ఉంటే అది హేచరీలో పెంచిన చేప. రెక్క ఉంటే అడవి చేప. దాన్ని వదిలేయాలని రాసి ఉన్నచోట నీళ్లలోంచి పూర్తిగా పైకెత్తడం కూడా నిషిద్ధం, ఫొటో కోసమైనా సరే. జాతిని గుర్తుపట్టడం ఇంకా ముఖ్యం. పుజెట్ సౌండ్ (సియాటిల్ పక్కనున్న సముద్రపు పాయ) చినూక్ సాల్మన్ 1999 నుంచి అంతరించే ముప్పున్న జాతుల జాబితాలో ఉంది. చిగుళ్లు నల్లగా, తోక రెండు కొసల్లోనూ చుక్కలుంటే చినూక్. చిగుళ్లు తెల్లగా, చుక్కలు తోక పైకొసలోనే ఉంటే కోహో. అనుమానం ఉంటే వదిలేయండి.

అక్టోబర్ నుంచి నీళ్లలో ఎక్కడ అడుగు వేస్తున్నారో చూసుకోండి. నాచు పట్టిన రాళ్ల మధ్య పళ్లెంలా గుంటపడి, లేతరంగులో కడిగినట్టున్న గులకరాళ్ల చోటు కనిపిస్తే అది తల్లిచేప తోకతో తవ్వి జన పెట్టిన గూడు. చలికాలమంతా గుడ్లు ఆ రాళ్ల కిందే ఉంటాయి. దాని మీంచి నడవకండి, అక్కడున్న జంట మీదికి గాలం వేయకండి.

వలలు కనిపిస్తే

కొన్ని రోజులు నదిలో ఆదివాసీ తెగల వలలు ఉంటాయి. 'మాకు రెండు చేపలైతే వాళ్లకి వలలా' అని గట్టు మీద ఎవరో గొణుగుతారు. ఆ మాటకి తల ఊపే ముందు సంగతి తెలుసుకోవాలి. 1854, 1855 ఒప్పందాల్లో ఈ నేలను వదులుకుంటూ, తరతరాలుగా పట్టే చోట్ల చేపలు పట్టే హక్కుని వాళ్లు తమ దగ్గరే అట్టిపెట్టుకున్నారు. ఆ హక్కుని రాష్ట్రం చాలాకాలం ఒప్పుకోలేదు. నిస్క్వాలీ తెగకి చెందిన బిల్లీ ఫ్రాంక్ జూనియర్ ఆ హక్కు కోసం పోరాడుతూ యాభైసార్లకి పైగా అరెస్టయ్యారు. చివరికి 1974లో జడ్జి జార్జ్ బోల్ట్, పట్టదగిన చేపల్లో సగం దాకా తెగలదేనని తీర్పిచ్చారు, 1979లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. ఇప్పుడు సీజన్లు రాష్ట్రం, తెగలు కలిసి కూర్చుని నిర్ణయిస్తాయి. ప్యువాలప్ మీద కొన్ని వారాల్లో కొన్ని రోజులు మనకి మూసేసేది వలలకీ గాలాలకీ తగువు రాకుండానే. వలకి దూరంగా వేయండి. గాలం చిక్కుకుంటే మీ లైన్ కోసేయండి, వల తాడు ముట్టుకోవద్దు.

నీళ్ల సంగతి

స్కైకోమిష్ కొండల్లోంచి వచ్చే నది, ఎండకాసే రోజున కూడా చల్లగా ఉంటుంది. శరదృతువు వానలకి కొన్ని గంటల్లోనే పొంగుతుంది. గోల్డ్ బార్ ఊరి దగ్గర కొలిచే నీటిమట్టం ఇంటర్నెట్‌లో కనిపిస్తుంది, గీత పైకి ఎక్కుతుంటే ఆ రోజుకి మానుకోండి. వేడర్లు (నీళ్లలో దిగేందుకు వేసుకునే, నీరు చొరబడని పొడవాటి ప్యాంటు) వేసుకుంటే నడుము బెల్టు బిగించాల్సిందే, లేకపోతే పడ్డప్పుడు కాళ్లలోకి నీళ్లు నిండుతాయి. మోకాలు దాటి దిగే అవసరం చాలాసార్లు ఉండదు, చేపలు ఒడ్డుకి దగ్గరగానే ఎక్కుతాయి. కొట్టుకుపోతే లేచి నిలబడే ప్రయత్నం చేయకండి, పాదం రాళ్లలో ఇరుక్కుంటుంది. వెల్లకిలా తేలి, కాళ్లు దిగువ వైపు పెట్టి, చేతులతో ఒడ్డుకి జరగండి. పడిపోయిన చెట్ల కొమ్మల వైపు పోకుండా చూసుకోండి. పిల్లలు గట్టు మీదే ఉన్నా లైఫ్ జాకెట్ తీయొద్దు.

దగ్గరిదారి అని రైలు పట్టాల మీద నడవకండి, అది రైల్వే వాళ్ల స్థలం. కారులో ల్యాప్‌టాప్ సంచీ వదలకండి. కుక్కని తీసుకెళ్తే పట్టీ విప్పొద్దు. పచ్చి సాల్మన్‌లో ఉండే ఒక పరాన్నజీవి మోసుకొచ్చే జబ్బు కుక్కల ప్రాణం తీస్తుంది, గట్టంతా చచ్చిన చేపలే ఉంటాయి.

వంట గురించి ఒక్క మాట. ఎగువకి ఎక్కేకొద్దీ రుచి అనే గోదావరి పులస లెక్క ఇక్కడ పనిచేయదు. సాల్మన్ మంచినీళ్లలోకి వచ్చాక తిండి మానేసి ఒంట్లో కొవ్వు కరిగించుకుంటూ ఎక్కుతుంది. కాబట్టి వెండిలా మెరిసేదే ఉంచుకోండి, నల్లబడి, చారలు తేలినవాటిని వాటి పనికి పోనివ్వండి. ఉంచుకున్నదాన్ని వెంటనే మొప్పలు కోసి నెత్తురు కార్చి ఐసులో పెట్టాలి, పింక్ అయితే మరీ త్వరగా మెత్తబడిపోతుంది. సీజన్ అయ్యాక క్యాచ్ కార్డు వివరాలు ఏప్రిల్ 30 లోపు శాఖకి పంపండి, ఒక్క చేపా పడకపోయినా సరే.